డిక్కీలో ముడుపు

నేను ఒక తెల్లని సెడాన్ కారుని. కొత్తదాన్నే. ఎంత కొత్తదాన్నంటే, నా సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగుల్ని ఇంతవరకూ ఎవరూ చింపలేదు. ఒక ఊరి నుంచి పక్క ఊరికి వెళ్లివచ్చినంత దూరం కూడా నా చక్రాలు తిరగలేదు. అయినా నా కథ చెప్పుకోవలసిన వయసు నాకు వచ్చేసింది.

పుట్టినప్పుడు నాకు భయమంటే తెలియదు. ఫ్యాక్టరీలో ఇనుప చేతులు నన్ను అతికించాయి, రంగుల గదిలో నాకు తెలుపు పూశారు. చివర్న ఒక అమ్మాయి నిలబడి ఉండేది. ఆమె పని తలుపులు వేయడం, తీయడం. ఒక్కొక్క తలుపునీ దగ్గరగా వేసి, తల పక్కకి వంచి, ఆ చప్పుడు వినేది. నా నాలుగు తలుపులూ వేసి విన్నాక "బంగారంలా పడుతున్నాయి" అంది. నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి ఆమే. తలుపు సరిగ్గా పడటమూ, సరిగ్గా తెరుచుకోవడమూ ఎంత పెద్ద సంగతో అప్పుడు నాకు తెలియలేదు.

పెద్ద ట్రైలరు మీద కట్టి నన్ను రాజమండ్రి తీసుకొచ్చారు. షోరూము హైవే పక్కన, అద్దాల మేడ. కానీ అక్కడికి చేరేముందు కార్లన్నీ ఉండేది ఊరి చివర పల్లంలో ఉన్న ఒక యార్డులో. నా చోటు వెనక వరసలో, గోడవారన.

ఆ ఏడు తుఫాను వాన పట్టింది. పక్కనున్న పంట కాలవకి గండి పడింది. ముందు వరసల్లో ఉన్న కార్లని హడావుడిగా తీసుకుపోయారు. మా దాకా వచ్చేసరికి నీళ్లు గేటు దగ్గర మోకాలు దాటాయి, డ్రైవర్లు వెనక్కి తిరిగిపోయారు. నీళ్లు ముందు నా చక్రాలని తాకాయి. తర్వాత తలుపుల కింది సందుల్లోంచి లోపలికి వచ్చాయి. వాటికి తొందరేమీ లేదు. చుట్టం ఇంట్లోకి వచ్చినట్టు వచ్చి, కాళ్ల దగ్గర చాప తడిపి, సీట్ల కిందికి పోయి, వైర్ల మధ్య కూర్చున్నాయి. నాకు గొంతు లేదు. ఉన్న హారన్ కూడా నీళ్లలో ఒకసారి దానంతటదే మోగి ఆగిపోయింది. ఎవరూ వినలేదు.

నీళ్లు తీశాక షోరూము మేనేజరు ప్రభాకర్ వచ్చాడు. ప్యాంటు మడమల మీదికి మడిచి, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని మా వరసంతా తిరిగాడు. మాలో కొన్నింటిని వేరే లారీలెక్కించి ఎక్కడికో పంపేశారు. నన్ను మాత్రం చాలాసేపు చూశాడు. బయటికి నేను చక్కగానే ఉన్నాను.

"దీన్ని కడిగి ఆరబెట్టండి. అమ్మేద్దాం," అన్నాడు.

"లోపల వైర్లకి నీళ్లెళ్లాయి సార్," అన్నాడు బళ్లు కడిగే సింహాచలం.

"ధర తగ్గిద్దాంలేవయ్యా. తగ్గింపు కనపడితే ఇంక కింద ఏముందో ఎవడూ చూడడు."

ఆ మాట విన్నప్పుడే నాకు మొదటిసారి వణుకు పుట్టింది. నీళ్లలో నిలబడ్డప్పుడు కూడా అంత భయం వేయలేదు.

నా సీట్లని ప్లాస్టిక్ తొడుగులతో సహా ఊడదీసి ఎండలో పెట్టారు. చాపలు ఉతికారు. మల్లెపువ్వు వాసన వచ్చే సెంటు డబ్బాలు ఖాళీ చేశారు. కానీ తడి నాలో ఉండిపోయింది. వైర్ల చివర పచ్చటి తుప్పు మొలిచింది. తలుపుల లోపలి కొక్కేలలో సన్నని ఒండ్రు గట్టిపడింది. ఒకరోజు సింహాచలం లోపల కూర్చుని అద్దం తుడుస్తుండగా నాలుగు తలుపులూ వాటంతటవే టక్కున లాక్ అయిపోయాయి. పిడి లాగితే అది ఖాళీగా చేతిలోకి వచ్చింది. అద్దాలు దిగలేదు. అతను లోపలినుంచి దబదబా బాదాడు. ఎవరో వచ్చి బయటినుంచి తాళంచెవి పెట్టి తిప్పారు. చెమటలు కక్కుతూ బయటపడి, "దెయ్యం పట్టిందిరా దీనికి!" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. యార్డు కాబట్టి తాళంచెవి ఉన్న మనిషి పరిగెత్తుకొచ్చాడు. రోడ్డు మీదయితే?

ఆ తర్వాత నన్ను షోరూములోకి తెచ్చి దీపాల కింద నిలబెట్టారు. వచ్చిన ప్రతివాళ్లూ నా నుదురు నిమిరేవారు. మనుషులు కొనబోయే వస్తువుని చూసే తీరు విచిత్రంగా ఉంటుంది. రంగు బావుందా, పాటలు పెద్దగా వినపడతాయా, పక్కింటాయన కారు కన్నా పొడుగా అని చూస్తారు. చక్రాన్ని కాలితో ఓ తన్ను తన్ని, అంతా తెలిసినట్టు తలాడిస్తారు. వాళ్లెవరూ నన్ను కొనకుండా వెళ్లిపోతుంటే నాకు ప్రాణం లేచొచ్చేది.

నాగభూషణం కుటుంబం వచ్చేదాకా అలా నెట్టుకొచ్చాను.

నాగభూషణం కొబ్బరికాయల వర్తకుడు. కోనసీమలో అంబాజీపేటకి అవతల ఒక పల్లె. భుజం మీద తువ్వాలు, మెడలో బంగారు గొలుసు, ఎక్కడ నిలబడ్డా అది తన కొట్టే అన్నట్టుండే గొంతు. తల్లి వరహాలమ్మకి మోకాళ్లు పోయాయి. నెలకోసారి ఆవిణ్ని రాజమండ్రి ఆసుపత్రికి ఆటోలో తేవడం కష్టమైపోయి కారు కొనాలనుకున్నారు. భార్య రత్నకుమారి నలభై అయిదు దాటిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమె నా చుట్టూ తిరుగుతూ, చేత్తో ముట్టుకోకుండా చూసింది.

సేల్స్ కుర్రాడు హేమంత్ కుర్చీలు తెచ్చి నా పక్కనే వేశాడు. అందుకే అంతా విన్నాను.

"ఎక్కడ తిప్పుతారు మేడమ్, సిటీలోనా?" అని అడిగాడు.

"మా ఇంటికి కాలవ గట్టు మీదేనండి దారి," అంది రత్నకుమారి. "పక్కన పట్టుకోడానికి ఒక రాయి కూడా ఉండదు. పోయినేడు మా వీధిలోవాళ్ల కారు కాలవలోకి జారిపోయింది. తలుపులు రాలేదు." లోపలివాళ్లు ఏమయ్యారో చెప్పక్కర్లేదు.

నాకు లోపల ఎక్కడో వైరు చిటపటమంది. కాలవ గట్టు. నీళ్లు. తెరుచుకోని తలుపులు. దేవుడా, వీళ్లు నన్ను కొనకూడదు అనుకున్నాను. కానీ కొనేందుకే వచ్చారు వాళ్లు. అంతకన్నా ఘోరం, ముందే ముహూర్తం పెట్టించుకుని వచ్చారు. పన్నెండు దాటితే మంచిది కాదని పురోహితుడు చెప్పాడట. ఇంటి దగ్గర చుట్టాలకి భోజనాలు చెప్పారు, కారు వచ్చాకే ఆకులు వేస్తారు. ఈ సంగతంతా నాగభూషణం నిన్ననే ఫోనులో మేనేజరుకి చెప్పేశాడు. రోజూ వేల కాయలు బేరమాడే మనిషి, తను లేచి వెళ్లిపోయే దారిని తానే మూసుకుని వచ్చాడు.

ప్రభాకర్ చేతులు కట్టుకుని వచ్చాడు. "రండి సార్, ముహూర్తానికి టైముంది కదా. కాఫీ తాగుతారా?"

"కాఫీ తర్వాతండి. ముందు బేరం," అన్నాడు నాగభూషణం. భుజం మీది తువ్వాలు తీసి మేనేజరు చెయ్యి మీద కప్పి, దాని కింద ఆ చేతి వేళ్లు పట్టుకున్నాడు. ఆయన తండ్రి సంతలో పశువుల బేరాలు చేసేవాడు. వేలు పట్టుకుంటే ఒక అంకె, మడిస్తే ఒక అంకె, పక్కవాడికి తెలియకూడదు. ప్రభాకర్ కంగారుపడి చెయ్యి లాక్కోబోయాడు.

"ఏంటి సార్ ఇది?"

"భయపడకండి, ఉంగరం కొట్టెయ్యను. ఇదిగో, ఇంత తగ్గించాలి." తువ్వాలు కింద మూడు వేళ్లు నొక్కాడు. "మూడు వేలు కాదండోయ్. లక్షలు!"

అడిగినదాంట్లో సగం వచ్చినా గొప్పే అనుకుని అడిగిన మాట అది. ఆ తర్వాత ఓ గంట సాగే పోట్లాట కోసం కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు కూడా.

"సరే సార్. మీకోసం ఇచ్చేస్తున్నా," అన్నాడు ప్రభాకర్.

నాగభూషణం మొహం చూడవలసింది. గెలిచినందుకు ఆనందం ఉంది గాని, భోజనానికి కూర్చోగానే పెరుగన్నం పెట్టేసినట్టు వెలితి కూడా ఉంది. ఒక్క క్షణం గడిచాక నవ్వు పొంగుకొచ్చింది. "విన్నావా రత్నం! నా దెబ్బంటే అది!"

రత్నకుమారి నవ్వలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ గొంతు తగ్గించి అంది: "ఏవండీ, నాకెందుకో భయంగా ఉంది. చీరల కొట్లో అయినా మనం గుమ్మం దాకా వస్తేగాని వెనక్కి పిలవడు. ఈయన మీరు కుర్చీలోంచి లేవకుండానే ఒప్పేసుకున్నాడు."

"తగ్గించకపోతే దోచేస్తున్నాడంటావు, తగ్గిస్తే భయమంటావు. నీకన్నీ భయాలే."

"అంత తేలిగ్గా వదులుకుంటున్నాడంటే, వదిలించుకుంటున్నాడేమోనండి."

ఆమె కాళ్ల మీద పడదామనిపించింది నాకు. కాళ్లు లేకపోగా, ఉన్న చక్రాలకి అప్పటికే నిమ్మకాయలు పెట్టేస్తున్నారు.

"ముహూర్తం దాటిపోతుంది సార్," అని ప్రభాకర్ మరోసారి గుర్తుచేశాడు.

అంతలో వరహాలమ్మ చేతికర్ర ఆనించుకుని లేచింది. బొడ్డున దోపుకున్న పసుపు గుడ్డ ముడుపు తీసింది. అందులో రూపాయి బిళ్ల, ఇంత పసుపు, కుంకుమ, అమ్మవారి గుడిలో అక్షింతలు. వాళ్ల ఇంట్లో బండి కొన్నా, నాగలి కొన్నా, ముందు ముడుపు పెట్టాకే తోలతారు. అది నలుగురి కళ్లూ పడని చోట, కాలు తగలని చోట ఉండాలి.

"అమ్మాయ్, దీన్ని ఎక్కడ పెడదాం?" అంది కోడలితో.

"ముందు అరలో పెట్టండి మామ్మగారూ," అన్నాడు హేమంత్.

"అక్కడ మీరంతా బిళ్లలూ, బీడీలూ పెడతారు. వద్దు నాయనా. అడుగున ఎక్కడైనా చోటుందా?"

"డిక్కీలో స్టెప్నీ చక్రం ఉంటుంది కదా అత్తయ్యా, దాని కింద పెడదాం," అంది రత్నకుమారి. "అది ఎవరూ తియ్యరు."

ప్రభాకర్ గబగబా వచ్చాడు. "అక్కడెందుకు మేడమ్, మురికి. పైనే పెట్టండి." కొత్త కారులో మురికేమిటని ఎవరూ అడగలేదు. కానీ రత్నకుమారి అతని మొహం చూసింది. డిక్కీ తెరిచి, చాప ఎత్తి, చక్రం పక్కనుంచి చెయ్యి కిందికి పోనిచ్చింది. నా ఒంట్లో చెయ్యి దూరే చోట్లలో సింహాచలం గుడ్డ తగలనిది అదొక్కటే. ముడుపు అక్కడ పెట్టి చెయ్యి బయటికి తీసింది. వేళ్లకి బూడిదరంగు పొడి అంటుకుంది. వేళ్లు రాసి చూసింది. మెత్తగా, పౌడరులా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఆమె పుట్టిల్లు గోదావరి లంకలో. ఏటా వరద వచ్చి ఇంట్లో మంచం కోళ్ల దాకా నిలబడి పోతుంది. నీళ్లు పోయాక ఎన్నిసార్లు కడిగినా, ట్రంకుపెట్టెల మూలల్లో, తలుపు సందుల్లో ఆ ఒండ్రు వాసన మళ్లీ వరద వచ్చేదాకా ఉంటుంది. చిన్నప్పటినుంచీ పీల్చిన వాసన.

"ఏవండీ. ఇది నీళ్లలో మునిగిన బండి."



"అబ్బే, ట్రైలరు మీద వచ్చినప్పుడు దుమ్ము మేడమ్," అన్నాడు ప్రభాకర్.

"దుమ్ము ఇలా మెత్తగా ఉండదండి. వరద పోయాక మా పుట్టింట్లో ఇదే ఎత్తిపోసుకుంటాం."

ప్రభాకర్ ఆమెని వదిలేసి నాగభూషణం వైపు తిరిగాడు. ఎవరితో మాట్లాడాలో అతనికి తెలుసు. "సార్, కొంచెం వాన తగిలింది, కాదనను. బాగుచేయించాం. ఇంకో లక్ష తీసేస్తాను."

నాగభూషణం తలెత్తాడు.

"ఇన్సూరెన్సు మాదే. ఇంకో యాభై వేలు తగ్గించుకోండి."

ధర దిగిన ప్రతిసారీ నాలో భయం ఒక మెట్టు ఎక్కింది. నాగభూషణం కళ్లలో మాత్రం వేరే వెలుగు కనిపించింది. అది దురాశ కాదు. బేరమాడేవాడికి బేరం దిగుతుంటే లేవబుద్ధి కాదు, అంతే. పేకాటలో ముక్క పడుతున్నవాడి మొహం అలాగే ఉంటుంది.

"రత్నం, ఇంత తగ్గిస్తున్నాడు గదా. ఆ మిగిలే డబ్బుతో అన్నీ మార్పించుకోవచ్చు. ఇంటి దగ్గర చుట్టాలంతా గుమ్మంలో నిలబడి ఉంటారు, ఒట్టి చేతుల్తో ఎలా ఎల్తాం? అమ్మా, ఎక్కు. ఓసారి స్టార్ట్ చేసి చూస్తా."

"అత్తయ్యని ఎక్కించకండి!" అంది రత్నకుమారి. అప్పటికే వరహాలమ్మ మోకాళ్లు పట్టుకుని వెనక సీట్లో కూలబడింది. నాగభూషణం ముందు కూర్చుని తలుపు వేశాడు. దాని చప్పుడు ఫ్యాక్టరీ అమ్మాయి విని ఉంటే నన్ను వెనక్కి పంపేసేది.

నన్ను షోరూము గుమ్మం బయటికి, ఎండలోకి నడిపించాడు. ఇంజను ఆపాడు.

టక్. నాలుగు తలుపులూ లాక్ అయిపోయాయి.

అది నేను చేశానో, తుప్పు చేసిందో ఈనాటికీ నాకు తెలియదు. నేనే చేశానంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. తుప్పే చేసిందంటే, ఆ క్షణంలో నేను పడ్డ భయానికి విలువ లేనట్టు ఉంటుంది.

నాగభూషణం పిడి లాగాడు. ఖాళీగా వచ్చింది. అద్దం బటన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. తాళం తిప్పాడు, దీపాలు ఒకసారి మిణుక్కుమని ఆరిపోయాయి. వేసవి ఎండ నా పైకప్పు మీద పడి లోపల ఆవిరి పుట్టింది. "ఒరే భూషణం, ఊపిరాడ్డం లేదురా," అంది వరహాలమ్మ. ఆయన భుజంతో తలుపుని గుద్దాడు. కొబ్బరి బస్తాలు ఎత్తే భుజం. తలుపు చలించలేదు. తల్లి చేతికర్రతో అద్దాన్ని పొడుస్తోంది. కర్రకి అడుగున రబ్బరు బిళ్ల, దెబ్బ పడటం లేదు.

రత్నకుమారి అద్దానికి రెండు అరచేతులూ ఆనించి నిలబడింది. "తలుపు తియ్యండి! తాళం! రెండో తాళంచెవి ఏదీ?" హేమంత్ లోపలికి పరిగెత్తాడు. ఆమె అరచేతుల వేడి నా అద్దానికి తెలుస్తోంది. అద్దం ఇవతల ఆమె, అవతల ఆమె మనుషులు, మధ్యలో నేను. కాలవలో కాదు కదా, కాలవలో కాదు కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

తాళంచెవి దూరింది. ఒండ్రులో కిరకిరమని తిరిగింది. తలుపు వచ్చింది.

నాగభూషణం ముందు తల్లిని దింపాడు. ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వరహాలమ్మ మెట్ల మీద కూర్చుని కోడలు పట్టిన నీళ్లు తాగింది. ప్రభాకర్ దగ్గరికి వచ్చి, ఇంకేదో అంకె చెప్పబోయాడు.

"చెప్పండి," అంది రత్నకుమారి. "ఇప్పుడు ఎంతకిస్తారు? మా అత్తయ్యకెంత, ఆయనకెంత? విడివిడిగా చెప్పండి."



నాగభూషణం భుజం మీది తువ్వాలు తీశాడు. మేనేజరు చెయ్యి పట్టుకుని దాని మీద కప్పాడు. ఈసారి దాని కింద ఒక్క వేలు కూడా పట్టుకోలేదు. కాసేపు అలాగే ఉంచి, తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "ముహూర్తం దాటిపోయింది గదండీ. ఇంక తొందరేం లేదు," అన్నాడు.

రత్నకుమారి డిక్కీ దగ్గరికి వెళ్లి ముడుపు తీయబోయింది.

"ఉండనియ్యి అమ్మాయ్," అంది వరహాలమ్మ మెట్ల మీంచి. "మనకన్నా దానికే అవసరం."

ముగ్గురూ ఆటో ఎక్కి వెళ్లిపోయారు. ఇంటి దగ్గర చుట్టాలు ఏమన్నారో నాకు తెలియదు.

మర్నాడు ప్రభాకర్ ఆ ముడుపు తీసెయ్యమని హేమంత్‌కి చెప్పాడు. "అమ్మవారి ముడుపు సార్, నేను ముట్టుకోను," అన్నాడతను. సింహాచలాన్ని పిలిచారు. "నాకు పిల్లలున్నారండి," అని అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు. చివరికి మేనేజరే చొక్కా చేతులు మడిచి, డిక్కీలోకి వంగి, పసుపు గుడ్డ దాకా వేలు తీసుకెళ్లి, ఏమనుకున్నాడో వెనక్కి తీసేశాడు. మునిగిన బండిలో మనుషుల్ని కూర్చోబెట్టడానికి భయపడని వాళ్లందరూ ఇంత గుడ్డముక్కకి భయపడ్డారు. మనుషుల్ని చూసి నాకు నవ్వొచ్చింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత కొనడానికి వచ్చినవాళ్లు ఎవరు డిక్కీ తెరిచి చాప ఎత్తినా, "ఇదేంటి? ఎవరి ముడుపిది? కొత్త బండన్నారు, ఎవరైనా కొని తిరిగిచ్చేశారా?" అని అడిగేవారు. చాప ఎత్తనివాళ్లు వచ్చినప్పుడు నాకు గుండె ఆగినంత పనయ్యేది. అలాంటప్పుడు హేమంత్ ఏదో వంక పెట్టి తనే డిక్కీ తెరిచి చూపించేవాడు. ఎందుకో నాకు తెలుసనుకుంటాను. రెండో తాళంచెవి పట్టుకుని పరిగెత్తినవాడు అతనే కదా. అతనే ఒకసారి ఎవరితోనో చెబుతుంటే విన్నాను: నాగభూషణం వేరే చోట, రూపాయి కూడా తగ్గించని షోరూములో కారు కొన్నాడట. రత్నకుమారి అక్కడ ముందు డిక్కీ తెరిపించి, చక్రం తీయించి, తలుపులన్నీ లోపలినుంచి పదిసార్లు వేయించి తీయించి, ఆ తర్వాతే ధర ఎంతని అడిగిందట.

నన్ను ఎవరూ కొనలేదు. మళ్లీ యార్డుకి పంపారు. అక్కడ ఇంకో వాన చూశాను.

చివరికి పాత ఇనుము కొనే మస్తాన్ దగ్గరికి చేరాను. హైవే పక్కన రేకుల షెడ్డు. ముందు నా తలుపులు నాలుగూ విప్పి గోడకి ఆనించాడు. డిక్కీ విప్పుతూ ముడుపు చూశాడు. చేతులు తుడుచుకుని, జాగ్రత్తగా తీసి, "ఎవరు పెట్టుకున్నారో ఏమో," అనుకుంటూ తన కాటా దూలానికి కట్టాడు. ఇప్పుడు ఆ కాటా మీద తూగే ప్రతిదానికీ పైన అది వేలాడుతుంటుంది.

నన్ను ముక్కలుగా తూచాడు. కిలోకి ఇంత. నేను తెల్లగా ఉన్నానని ఎక్కువ లేదు, మునిగానని తక్కువ లేదు. ముహూర్తం లేదు, కాఫీ లేదు, తువ్వాలు లేదు. ఇంతవరకూ నాకు కట్టిన ధరలన్నింటిలో నేను భయపడకుండా విన్నది అదొక్కటే.